పాలస్తీనాలో డిగ్రీ చదివినవాడి కంటే తాపీమేస్త్రీకి ఎక్కువ కూలి ఎందుకు?

గ్రూప్స్_మాస్టారు
పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు అంతర్జాతీయ వ్యవహారాలు చెప్పడం నా పని. పాలస్తీనా పాఠం వచ్చిన ప్రతిసారీ యుద్ధాల తేదీలు, ఒప్పందాల పేర్లు, మృతుల సంఖ్యలు చెప్పి ముగించేస్తున్నాను. ఈసారి ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. అక్షరాస్యత 97 శాతం దాటిన చోట చదువుకున్నవారికే పని దొరక్కపోవడం ఏమిటని ఆమె అడిగింది. గణాంకాలు తిరగేస్తే ఆమె మాట నిజమే. 2022లో 19 నుంచి 29 ఏళ్ల లోపు డిప్లొమా, డిగ్రీ పట్టభద్రులలో దాదాపు సగం మందికి ఉద్యోగం లేదు. గాజాలో అయితే నలుగురిలో సుమారు ముగ్గురికి లేదు. అదే సమయంలో బడి మధ్యలో మానేసి ఇజ్రాయెల్‌లో గోడలు కట్టే కుర్రవాడు, వెస్ట్‌బ్యాంక్‌లోని రామల్లాలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడి కంటే ఎక్కువ సంపాదించేవాడు. మన పత్రికలు బాంబుల గురించి రాసినంతగా ఈ కూలి లెక్క గురించి రాయవన్నది నా ఫిర్యాదు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాత_పుటలు
దీని మూలం 1967 జూన్ యుద్ధంలో ఉంది. పాలస్తీనా భూభాగాలైన వెస్ట్‌బ్యాంక్, గాజా ఇజ్రాయెల్ అధీనంలోకి వచ్చిన కొద్దికాలానికే అక్కడివారు సరిహద్దు దాటి కూలికి వెళ్లడానికి దారి తెరిచారు. నిర్మాణం, వ్యవసాయం, హోటళ్లలో పాత్రలు కడగడం, వీధులు ఊడ్వడం వంటి పనులన్నీ వారికే దక్కాయి. 1980ల మధ్యకు వచ్చేసరికి మొత్తం పాలస్తీనా శ్రామికులలో మూడోవంతుకు పైగా, గాజా శ్రామికులలో సగానికి దగ్గరగా ఇజ్రాయెల్‌లోనే పనిచేసేవారు. ఉదయం వెళ్లి రాత్రికి ఇల్లు చేరాలన్నది నియమం.

సరిగ్గా అదే కాలంలో విశ్వవిద్యాలయాలు కూడా పుట్టుకొచ్చాయి. 1973లో బెత్లెహేం, 1975లో బీర్‌జైట్, 1977లో నబ్లుస్‌లోని అన్నజాహ్, 1978లో గాజాలోని ఇస్లామిక్ విశ్వవిద్యాలయం. అంతకుముందు డిగ్రీ కావాలంటే కైరోకో బేరూత్‌కో వెళ్లవలసినవారికి సొంత ఊళ్లోనే డిగ్రీ దొరికింది. పట్టభద్రులు పెరిగారు గాని వారిని తీసుకునే పరిశ్రమ పెరగలేదు, ఎందుకంటే కొత్త కర్మాగారం పెట్టాలన్నా, బావి తవ్వాలన్నా సైనిక పాలనాధికారుల అనుమతి కావలసి వచ్చేది. కొంతకాలం గల్ఫ్ దేశాలు వారిని తీసుకున్నాయి. 1980ల మధ్యలో చమురు ధర పడిపోయాక ఆ దారి ఇరుకైంది. 1990-91 కువైట్ సంక్షోభం తరవాత అక్కడున్న పాలస్తీనీయులలో మూడు లక్షల మందికి పైగా దేశం వదలవలసి వచ్చేసరికి అది కూడా మూసుకుపోయింది.

లెక్కల_పంతులు
పాత_పుటలు చెప్పినదానికి అంకెలు జోడిస్తాను. 2021లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న జాషువా ఆంగ్రిస్ట్ తొలినాళ్లలో పరిశోధించినది సరిగ్గా ఈ ప్రశ్ననే. 1981 నుంచి 1987 లోపు, ఇంటర్ స్థాయితో ఆగినవారికంటే డిగ్రీవారికి అదనంగా వచ్చే వేతనం సుమారు 40 శాతం నుంచి 20 శాతం లోపుకు పడిపోయిందని ఆయన 1995లో ప్రచురించిన వ్యాసంలో చూపించారు. ఇజ్రాయెల్ యజమాని పాలస్తీనా కూలీ దగ్గర కొన్నది కండబలం మాత్రమే. అక్కడ డిగ్రీకి ధర లేదు. పాలస్తీనాలో డిగ్రీలు ఎక్కువయ్యాయి. మాస్టారు అడిగిన ప్రశ్నకు సగం సమాధానం ఇందులోనే దొరుకుతుంది.

సరదా_సత్తి
ఇంజినీరింగు చదివి ఇంటింటికీ బిర్యానీ చేరవేసే మా తమ్ముడికి ఈ చర్చ చూపించాను. తన వేతనంలో డిగ్రీ వల్ల వచ్చిన అదనం ఎంతో పంతులుగారు లెక్కకట్టి చెప్పాలని అడుగుతున్నాడు.

లెక్కల_పంతులు
సత్తి, మీ తమ్ముడు ఆ బిర్యానీ పట్టుకుని ఎల్బీనగర్ నుంచి కూకట్‌పల్లికి వెళ్లడానికి ఎవరి అనుమతి పత్రమూ అక్కరలేదు. ఇక్కడున్న తేడా అంతా అదే.

కృష్ణాతీరం
అన్నీ ఆక్రమణ ఖాతాలో రాసేయడం నాకు సమ్మతం కాదు. 1994లో పాలస్తీనా అథారిటీ, అంటే పాలస్తీనీయుల పరిమిత స్వపరిపాలన ప్రభుత్వం, వచ్చాక ఉద్యోగాలు ఇవ్వడమే రాజకీయం అయింది. లక్షన్నరకు దగ్గరగా ప్రభుత్వ సిబ్బంది పెరిగారు, అందులో భద్రతా దళాలదే పెద్ద వాటా. పరిశ్రమలు పెట్టేవారిని ప్రోత్సహించకుండా దాతల సొమ్ముతో జీతాలు పంచితే పట్టభద్రులకు పని ఎక్కడ నుంచి వస్తుంది? సాహిత్యం, విద్యాశాస్త్రం వంటి డిగ్రీలు వేల సంఖ్యలో ఇచ్చే విశ్వవిద్యాలయాలను కూడా తప్పుపట్టాలి.

మట్టి_మనిషి
కృష్ణాతీరం చెప్పిన లోపాలు ఉన్నాయి, వాటిని పాలస్తీనీయులే గట్టిగా విమర్శిస్తారు. కాని పరిశ్రమ ఎక్కడ పెట్టమంటారు? 1990లలో ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకులు చేసుకున్న ఓస్లో ఒప్పందాల ప్రకారం వెస్ట్‌బ్యాంక్‌లో సుమారు 60 శాతం భూమి 'సి' ప్రాంతం. అక్కడ కట్టడాలకు, నీటికి, రోడ్లకు ఇజ్రాయెల్ సైన్యం అనుమతి ఇవ్వాలి. సాగుభూమి, రాతి గనులు, మృతసముద్రపు ఖనిజాలు ఎక్కువగా ఉన్నది అక్కడే. ఆ ప్రాంతాన్ని వాడుకోనివ్వకపోవడం వల్ల పాలస్తీనా ఆర్థిక వ్యవస్థ ఏటా 340 కోట్ల డాలర్లు, అంటే 2011 నాటి స్థూల ఉత్పత్తిలో 35 శాతం, నష్టపోతోందని ప్రపంచబ్యాంకు 2013లో అంచనా వేసింది. కాళ్లూ చేతులూ కట్టేసి ఈత రాలేదనడం న్యాయం కాదు.

కృష్ణాతీరం
సరే, భూమి సంగతి ఒప్పుకుంటున్నాను. డిగ్రీల ఎంపిక గురించి నేను అన్న మాటకు మాత్రం మీరు జవాబు చెప్పలేదు.

రమత్‌గన్_రాజన్న
నాది నిజామాబాద్ జిల్లా. కొన్నేళ్లుగా టెల్ అవీవ్ పక్కన రమత్‌గన్‌లో వృద్ధుల సంరక్షణ పనిలో ఉన్నాను. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఇదే పనికి వచ్చినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. పండగలకు కలుస్తుంటాము.

నేను చూసుకునే పెద్దాయన ఇంట్లో స్నానాలగది పలకలు మార్చడానికి 2022లో హెబ్రాన్ దగ్గర ఊరి నుంచి ఇద్దరు వచ్చారు. అందులో చిన్నవాడు అకౌంటింగు పట్టభద్రుడు. తెల్లవారుజామున మూడింటికి ఇల్లు వదిలి తర్ఖూమియా తనిఖీ కేంద్రం దగ్గర వరుసలో నిలబడి, ఏడింటికి పనిలో చేరేవాడు. వాళ్ల ఊళ్లో లెక్కలు రాసే ఉద్యోగానికి నెలకు రెండువేల షెకెళ్లు (ఇజ్రాయెల్ కరెన్సీ) కూడా ఇవ్వరని, ఇక్కడ అంతకు మూడింతలు వస్తుందని చెప్పాడు. చేతికి వచ్చేది అంత కాదు. అనుమతి పత్రం ఇప్పించిన దళారీకి నెలనెలా రెండువేల పైచిలుకు కట్టాలి. చదువు వృథా అయిందని బాధ లేదా అని అడిగితే, పెళ్లి కుదరాలంటే డిగ్రీ కావాలని, ఇల్లు కట్టాలంటే ఈ పని కావాలని నవ్వాడు.

2023 అక్టోబరు 7న హమాస్ దాడి తరవాత అలాంటివారు ఒక్కరూ ఈ వీధుల్లో కనబడలేదు. మా వీధిలో సగం లేచిన అపార్టుమెంటు నెలల తరబడి అలాగే నిలిచిపోయింది.

సందేహాల_సుజాత
రాజన్న గారూ, దళారీకి డబ్బు కట్టడం ఏమిటి? అనుమతి ఇచ్చేది ప్రభుత్వం కదా?

పాత_పుటలు
సుజాత గారికి నేను చెబుతాను. 1989లో ఇజ్రాయెల్‌లో పనికి వెళ్లే గాజావారికి అయస్కాంత గుర్తింపు కార్డులు పెట్టారు. 1991 గల్ఫ్ యుద్ధ సమయంలో ప్రతి మనిషికీ విడిగా అనుమతి పత్రం ఉండాలన్న పద్ధతి వచ్చింది. 1993 మార్చిలో మొత్తం మూసివేత విధించాక ఆ పత్రం లేనిదే అడుగు కదలదు. పత్రం కూలీ పేరునే ఉన్నా, ఫలానా యజమాని దగ్గర పనికి మాత్రమే అని వస్తుంది. యజమానికి కోటా ఉంటుంది. తనకు అవసరం లేని కోటాను అమ్ముకునేవాళ్లు తయారయ్యారు. నడుమ దళారులు, అరబిక్‌లో సిమ్సార్లు, చేరారు. 2020 చివర్లో నిర్మాణరంగంలో కూలీ యజమానిని మార్చుకోవచ్చని సంస్కరణ తెచ్చారు, 2022 నుంచి జీతం బ్యాంకు ద్వారా ఇవ్వాలన్నారు. కోటా బేరం మాత్రం సాగుతూనే వచ్చింది.

పత్రం కావాలంటే భద్రతా విభాగం నుంచి ఏ అభ్యంతరమూ ఉండకూడదు. బంధువులలో ఎవరో అరెస్టయినా, తాను ఏదో ఊరేగింపులో కనబడినా పత్రం రద్దు కావచ్చు. కారణం చెప్పరు. అందుకే జీతం ఎగ్గొట్టినా, నిచ్చెన మీద నుంచి పడినా, ఫిర్యాదు చేయడానికి చాలామంది సాహసించరు. వారి తరఫున న్యాయస్థానాలకు వెళ్లే కవ్ లాఓవెద్ వంటి ఇజ్రాయెలీ సంస్థలు ఉన్నాయి గాని అవి ఎంతమందిని కాపాడగలవు?

నికరం_నరసింహ
ఒక్క విషయం అడుగుతాను, ఎవరూ కోప్పడకండి. 2023 యుద్ధానికి ముందు ఇజ్రాయెల్‌లో రోజుకూలి 270 నుంచి 300 షెకెళ్లు. వెస్ట్‌బ్యాంక్‌లో 130 అటూఇటూ. గాజాలో 60 అటూఇటూ. అంటే ఇజ్రాయెల్ తలుపు తెరవడం వల్ల వారికి లాభమే కదా? దోపిడీ అనే మాట ఎందుకు వస్తోంది?

లెక్కల_పంతులు
కోపం ఎందుకు, ఇది తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్న. ఆ కూలి వల్ల ఇళ్లు లేచాయి, పిల్లలు చదివారు. 2023 యుద్ధానికి ముందు అనుమతి ఉన్నవారు, లేనివారు కలిపి వెస్ట్‌బ్యాంక్ నుంచి 1,70,000 మందికి పైగా ఇజ్రాయెల్‌లోను, వెస్ట్‌బ్యాంక్‌లోనే ఇజ్రాయెల్ కట్టిన యూదుల స్థావరాలలోను పనిచేశారు. వారి సంపాదన లేకపోతే జెనిన్, హెబ్రాన్, తుల్కర్మ్ బజార్లలో దుకాణాలు నడవవు.

ఇబ్బంది వేరే చోట ఉంది. ఆ తలుపు తాళం అవతలివాడి చేతిలో ఉంది. 1999లో పాలస్తీనా ఉద్యోగులలో ఐదోవంతుకు పైగా ఇజ్రాయెల్‌లో పనిచేసేవారు. 2000 సెప్టెంబరులో రెండో ఇంతిఫాదా (ఆక్రమణ మీద పాలస్తీనీయుల తిరుగుబాటు) మొదలయ్యాక రెండేళ్లలో నిరుద్యోగం 10 శాతం దగ్గర నుంచి 30 శాతం దాటింది. ఇలా తెరిచి మూసే ప్రతిసారీ రెండు నష్టాలు జరుగుతాయి. తెరిచినప్పుడు పాలస్తీనాలోని చిన్న వర్క్‌షాపు యజమాని అంత కూలి ఇవ్వలేక పనివాళ్లను పోగొట్టుకుంటాడు. మూసినప్పుడు కొనేవాళ్ల చేతిలో డబ్బు లేక అదే యజమాని దుకాణం కట్టేస్తాడు.

ఇక లోపలి తనిఖీ కేంద్రాలు. కలీ, మియారీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వెస్ట్‌బ్యాంక్ లోపలి అడ్డుకట్టల ప్రభావాన్ని పరిశీలించారు. వాటి వల్ల ఉద్యోగం దొరికే అవకాశం, గంట కూలి, నెలలో పనిదినాలు మూడూ తగ్గాయని, దొరికిన రోజున పనిచేసే గంటలు మాత్రం పెరిగాయని తేల్చారు. పదికిలోమీటర్ల అవతల మంచి ఉద్యోగం ఉన్నా వేళకు చేరతామన్న నమ్మకం లేనప్పుడు, పక్క వీధిలో తక్కువ జీతానికి కుదురుకోవడం మనిషి తెలివితక్కువతనం కాదు.

నికరం_నరసింహ
తాళం మాట అర్థమైంది. అయినా నా ప్రశ్న పూర్తిగా పోలేదు, తరవాత అడుగుతాను.

బడిపంతులమ్మ
అందరూ మగవాళ్ల కూలి గురించే మాట్లాడుతున్నారు. పాలస్తీనా విశ్వవిద్యాలయాలలో అమ్మాయిల సంఖ్య అబ్బాయిలను మించింది. పని చేస్తున్న లేదా పని వెతుకుతున్న ఆడవారు మాత్రం ఐదుగురిలో ఒక్కరు కూడా లేరు. ఇజ్రాయెల్‌లో తాపీపనికి వారు వెళ్లరు, వెళ్లనివ్వరు. వారికి ఉన్నవి బడి, ఆసుపత్రి, ప్రభుత్వ కార్యాలయం, స్వచ్ఛంద సంస్థ. కృష్ణాతీరం గారు విద్యాశాస్త్రం డిగ్రీలను తప్పుపట్టారు. ఒక ఆడపిల్ల తనిఖీ కేంద్రం దాటకుండా, రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగం కోరుకుంటే ఆమెకు ఎదురుగా కనిపించేది ఊరి బడి ఒక్కటే. ఆమె విద్యాశాస్త్రం చదవక మరేమి చదువుతుంది?

కృష్ణాతీరం
ఆ కోణం నేను ఆలోచించలేదు. మంచి మాట చెప్పారు.

బడిపంతులమ్మ
ఇప్పుడు ఆ బడి ఉద్యోగం కూడా సగం జీతానికి దిగింది. పాలస్తీనా అథారిటీ రాబడిలో మూడింట రెండొంతులు సరిహద్దుల్లో వసూలయ్యే పన్నులు. 1994 పారిస్ ఒడంబడిక ప్రకారం వాటిని ఇజ్రాయెల్ వసూలు చేసి నెలనెలా అందజేయాలి. 2019 నుంచి అందులో కోతలు పడుతున్నాయి, 2023 తరవాత చాలా నెలలు అసలు సొమ్మే రాలేదు. 2021 చివరి నుంచి ప్రభుత్వోద్యోగులకు పూర్తి జీతం అందడం లేదు. తరవాత అది కొన్ని నెలలు సగానికి చేరింది. వెస్ట్‌బ్యాంక్ ఉపాధ్యాయులు 2016లో పెద్ద సమ్మె చేశారు. ఒప్పుకున్న 15 శాతం పెంపు ఇవ్వలేదని 2023లో వారాల తరబడి మళ్లీ బడులు ఆపారు. ఇప్పుడు డబ్బు లేక ప్రభుత్వ బడులు వారానికి మూడు నాలుగు రోజులే తెరుస్తున్నారు. సగం జీతం తీసుకునే పంతులు మిగతా రోజుల్లో కారు నడుపుతాడు, కూరగాయలు అమ్ముతాడు. పిల్లవాడు మిగతా రోజుల్లో ఏం చేస్తాడో ఊహించండి.

మట్టి_మనిషి
ఊహించనక్కరలేదు, కొలిచినవారు ఉన్నారు. మిఖేలె ది మయో, తుషార్ నంది అనే పరిశోధకులు రెండో ఇంతిఫాదా కాలపు వెస్ట్‌బ్యాంక్ కుటుంబాల సమాచారం తీసుకుని చూస్తే, సరిహద్దు మూసిన రోజులు పెరిగిన కొద్దీ పిల్లలు పనిలోకి వెళ్లడం పెరిగిందని తేలింది. తండ్రి ఇజ్రాయెల్‌లో పని పోగొట్టుకుంటే కొడుకు హెబ్రాన్‌లో చెప్పుల పనికో, బండి తోలడానికో కుదురుతాడు. బాల్యంలో పోయిన చదువు తరవాతి జీవితమంతా కూలిలో కనిపిస్తుంది.

పరీక్షల_పద్మ
బడి చదువు ముగింపులో రాసే తౌజీహీ పరీక్ష గురించి ఎవరూ రాయలేదు. మన ఇంటర్ ఫలితాలకు ఇళ్లలో ఎంత హడావుడి ఉంటుందో అక్కడ ఆ పరీక్షకు అంతకు పదింతలు ఉంటుంది. ఫలితాలు వచ్చిన రాత్రి బాణసంచా కాల్చి మిఠాయిలు పంచుతారు. రెండో ఇంతిఫాదా కాలంలో చుట్టుపక్కల హింస ఎక్కువగా జరిగిన ప్రాంతాల పిల్లలు ఆ పరీక్షలో తప్పే అవకాశం పెరిగిందని ఒక అధ్యయనం చెప్పింది. ఆ మార్కుల మీదే విశ్వవిద్యాలయంలో ఏ శాఖ దొరుకుతుందన్నది ఆధారపడుతుంది. కాబట్టి ఒక ఏడాది కాల్పులు ఒక మనిషి వైద్యుడవుతాడా, గుమాస్తా అవుతాడా అన్నదాన్ని నిర్ణయిస్తాయి.

పాత_పుటలు
మొదటి ఇంతిఫాదా కాలంలో బడులనే మూసేశారు. 1988లో సైనిక ఆదేశాలతో వెస్ట్‌బ్యాంక్‌లోని పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు అన్నీ మూతపడ్డాయి. బీర్‌జైట్ విశ్వవిద్యాలయం 1988 జనవరి నుంచి 1992 ఏప్రిల్ దాకా, నాలుగేళ్లకు పైగా తెరుచుకోలేదు. అధ్యాపకులు ఇళ్లలో, ప్రార్థనా మందిరాలలో తరగతులు నడిపారు. అలా దొంగచాటుగా చదువుకోవడం కూడా నేరంగానే చూశారు. నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేయడానికి ఏడెనిమిదేళ్లు పట్టినవారు ఉన్నారు. ఆలస్యమైన ఆ ఏళ్లు సంపాదనలోంచి కూడా పోయాయి.

సందేహాల_సుజాత
గాజా గురించి విడిగా చెప్పండి. అందరూ వెస్ట్‌బ్యాంక్ గురించే రాస్తున్నారు.

మట్టి_మనిషి
గాజా కథ వెస్ట్‌బ్యాంక్ కంటే చాలా ముందే వేరు దారి పట్టింది. ఒకప్పుడు అక్కడ ఇజ్రాయెలీ కంపెనీలకు బట్టలు కుట్టే వర్క్‌షాపులు, కలప సామాను చేసే కార్ఖానాలు ఉండేవి. 2007లో హమాస్ అధికారంలోకి వచ్చాక విధించిన దిగ్బంధంతో ముడిసరుకు రాలేదు, తయారైన సరుకు బయటికి పోలేదు. కుట్టుమిషన్లు మూలపడ్డాయి. అప్పటికే గాజా కూలీలను ఇజ్రాయెల్‌లోకి రానివ్వడం ఆపేశారు. నిరుద్యోగం 45 శాతం దగ్గర స్థిరపడింది. పాలస్తీనాలో కనీస వేతనం 2022 నుంచి నెలకు 1,880 షెకెళ్లు. గాజా ప్రైవేటు రంగంలో అత్యధికులకు అందులో సగం కూడా అందేది కాదు.

2021 నుంచి మళ్లీ కొందరికి అనుమతులు ఇచ్చారు. 2023 నాటికి ఆ సంఖ్య 18,000 దాటింది. ఆ పత్రం కోసం దరఖాస్తు చేయడానికి వేలమంది ఎగబడ్డారు, అందులో పట్టభద్రులు కొల్లలుగా ఉన్నారు. అక్టోబరు 7 తరవాత ఆ పత్రాలన్నీ రద్దయ్యాయి. ఇజ్రాయెల్‌లో చిక్కుకున్న గాజా కూలీలను వేలమందిని నిర్బంధించి, నవంబరు మొదట్లో కెరెం షాలోం దారిలో బాంబులు పడుతున్న గాజాలోకే తిరిగి పంపేశారు. అందుకోవలసిన జీతం చాలామందికి అక్కడే మిగిలిపోయింది.

లెక్కల_పంతులు
దానికి కొనసాగింపుగా 2024 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, పాలస్తీనా గణాంక సంస్థ ఇచ్చిన అంకెలు. గాజాలో నిరుద్యోగం 79.1 శాతం, వెస్ట్‌బ్యాంక్‌లో 32 శాతం. యుద్ధానికి ముందు వెస్ట్‌బ్యాంక్‌లో అది 13 శాతం దగ్గర ఉండేది. ఆ 32 శాతంలో అధికభాగం రాజన్న గారు చెప్పినలాంటివారు.

వీరికి నిరుద్యోగ భృతి ఏమీ లేదు. ప్రైవేటు రంగ కార్మికులకు సామాజిక భద్రతా చట్టం 2016లో చేశారు, 2018 చివర్లో అమలు మొదలుపెట్టారు. నిధి మీద నమ్మకం లేక కార్మికులే వీధుల్లోకి వచ్చారు. 2019 జనవరిలో చట్టాన్ని నిలిపివేశారు. నా దృష్టిలో అది అథారిటీ చేసుకున్న పెద్ద నష్టాలలో ఒకటి. కృష్ణాతీరం గారి విమర్శ ఈ ఒక్క చోట పూర్తిగా నిలుస్తుంది.

రమత్‌గన్_రాజన్న
పని లేక వెస్ట్‌బ్యాంక్‌కు, ఇజ్రాయెల్‌కు నడుమ ఉన్న గోడ ఎక్కి ఇటు దిగడానికి ప్రయత్నించి పడి కాళ్లు విరగ్గొట్టుకున్నవారి గురించి, కాల్పుల్లో పోయినవారి గురించి ఇక్కడి వార్తల్లో వస్తూనే ఉంది. అనుమతి లేకుండా వచ్చినవాడు దొరికితే జైలు, పని ఇచ్చినవాడికి జరిమానా. అందుకే వారికి సగం కూలి ఇచ్చి పని చేయించుకునే మేస్త్రీలు ఉన్నారు.

నికరం_నరసింహ
తరవాత అడుగుతానన్న ప్రశ్న ఇది. వారి స్థానంలో మనవాళ్లు వెళుతున్నారు కదా? 2024 మేలో హైదరాబాద్‌లో ఎంపికలు జరిగాయి. రెండువేల మందికి పైగా పోటీపడితే దాదాపు 900 మంది ఎంపికయ్యారని చదివాను. నెలకు లక్షా ముప్పైఏడు వేల రూపాయలు అంటే మన తాపీమేస్త్రీకి కలలో మాట. వెళ్లడం తప్పంటారా?

సింగరేణి_సంఘం
తప్పే అంటాను. ఒకరి పత్రం చించి మరొకరికి ఇచ్చినప్పుడు ఆ రెండోవాడిని సమ్మె విరిచేవాడి వరుసలో నిలబెట్టినట్టే. 2023 మేలోనే ఇరుదేశాలకు శ్రామికుల ఒప్పందం కుదిరిందన్నది నిజం. అక్టోబరు తరవాత దానికి వచ్చిన తొందర మాత్రం ఖాళీ చేయించిన స్థలాలను నింపడానికే. దేశంలోని కార్మిక సంఘాలు అప్పుడే దీన్ని వ్యతిరేకించాయి.

రమత్‌గన్_రాజన్న
సంఘం గారూ, నేను వృద్ధుల సంరక్షణలో ఉన్నాను, ఎవరి పత్రమూ చించలేదు. కొత్తగా వచ్చిన మనవాళ్లతో కూడా మాట్లాడాను. దుబాయిలో నెలకు ముప్పైవేలకు ఎండలో ఎండినవాడికి, ఊళ్లో అప్పు మీద వడ్డీ పెరుగుతున్నవాడికి మీరు నీతి చెప్పేముందు ఆ అప్పు తీర్చే దారి చూపించాలి. వచ్చినవారిలో అందరికీ చెప్పిన పని దొరకలేదు. సెంట్రింగు పని రాదని కొందరిని గోదాములకు, శుభ్రం చేసే పనులకు మార్చారు. వాళ్ల పత్రం కూడా యజమాని దయ మీదే నడుస్తుంది.

సింగరేణి_సంఘం
వెళ్లినవాడిని నేను నిందించలేదు, పంపినవారిని నిందిస్తున్నాను. రాజన్న గారు చెప్పిన చివరి మాట నా వాదానికే బలం ఇస్తోంది. పాలస్తీనా కూలీ కనీసం రాత్రికి ఇల్లు చేరేవాడు. అతడిని ఎలా కట్టేశారో అలాగే కట్టేయగలిగిన, ఇంకా దూరపు మనిషిని తెచ్చుకున్నారు.

సరదా_సత్తి
మా తమ్ముడు పాస్‌పోర్టు దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాడు. ఈ చర్చ చూపించకుండా ఉండాల్సింది.

గ్రూప్స్_మాస్టారు
చాలా తెలుసుకున్నాను. నా విద్యార్థిని ఇవన్నీ చదివి మరొక ప్రశ్న పంపింది. రేపు అనుమతులు మళ్లీ ఇస్తే వెస్ట్‌బ్యాంక్ పరిస్థితి కుదుటపడుతుందేమో, మరి గాజాలో బడికే వెళ్లని పిల్లల సంగతి ఏమిటని అడుగుతోంది.

పరీక్షల_పద్మ
2023 అక్టోబరు నుంచి గాజాలో ఆరు లక్షలకు పైగా బడిపిల్లలు తరగతికి దూరమయ్యారు. 2024లో 39,000 మంది తౌజీహీ రాయలేకపోయారు. విశ్వవిద్యాలయాలన్నీ పూర్తిగానో పాక్షికంగానో ధ్వంసమయ్యాయి. ఐక్యరాజ్య సమితి పాలస్తీనా శరణార్థుల సంస్థ నడిపే బడుల్లో సుమారు మూడు లక్షల మంది చదివేవారు, అవి ఆశ్రయ శిబిరాలుగా మారాయి. 2025లో ఆన్‌లైన్‌లో తౌజీహీ పెట్టారు. కరెంటు, ఇంటర్నెట్టు దొరికే చోటు వెతుక్కుంటూ కిలోమీటర్లు నడిచి రాసినవారు ఉన్నారు. వారు ఏ విశ్వవిద్యాలయంలో చేరాలి? కొందరు వెస్ట్‌బ్యాంక్ విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ తరగతుల్లో చేరారు. వైద్యం, ఇంజినీరింగు ఆన్‌లైన్‌లో ఎంతవరకు నేర్పగలరో అందరికీ తెలుసు.

బడిపంతులమ్మ
పెద్ద తరగతుల గురించి అందరూ ఆలోచిస్తారు, నాకు ఒకటి, రెండు తరగతుల పిల్లల మీదే భయం. 2023లో ఆరేళ్లు నిండి బడిలో చేరవలసిన పిల్లవాడు ఇంకా అక్షరాలు దిద్దకుండానే ఎదుగుతున్నాడు. గుడారాల్లో తరగతులు నడుపుతున్న పంతులమ్మలు ఉన్నారు గాని ఒక గుడారంలో ఎంతమంది కూర్చోగలరు? వెస్ట్‌బ్యాంక్‌లో కూడా, 2025 జనవరిలో మొదలైన సైనిక చర్యల వల్ల జెనిన్, తుల్కర్మ్, నూర్‌షమ్స్ శిబిరాల నుంచి సుమారు 40,000 మంది ఇళ్లు వదిలారు. అక్కడి బడులూ మూతపడ్డాయి.

కృష్ణాతీరం
అనుమతులు మళ్లీ ఇస్తే కుదుటపడుతుందన్న ఆశ మీద నాకు నమ్మకం లేదు. యుద్ధానికి ముందు ఇజ్రాయెల్ నిర్మాణరంగంలో దాదాపు మూడోవంతు పాలస్తీనీయులే. ఇప్పుడు వారి చోట భారత్, శ్రీలంక, చైనా, ఉజ్బెకిస్తాన్ మనుషులు వస్తున్నారు. 2024 చివరికి మన దేశం నుంచే 16,000 మంది దాకా వెళ్లారు. భాష, అనుభవం దృష్ట్యా ఇజ్రాయెలీ బిల్డర్లు పాలస్తీనీయులనే కోరుతున్నారట గాని నిర్ణయం బిల్డర్లది కాదు, భద్రతా మంత్రివర్గానిది. కొన్ని వేలమందిని మాత్రమే, అదీ ఎక్కువగా స్థావరాలలోకి, రానిస్తున్నారు.

లెక్కల_పంతులు
కృష్ణాతీరం గారితో మొదటిసారి పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీ విద్యార్థిని కోసం ఒక సూచన, మాస్టారూ. నిరుద్యోగ శాతం ఒక్కటే చూడవద్దని చెప్పండి. పని వెతకడమే మానేసినవాడు ఆ లెక్కలోకి రాడు, కాబట్టి శ్రామికశక్తిలో భాగస్వామ్యం ఎంత పడిపోయిందో పక్కనే పెట్టుకుని చదవాలి. గాజా అంకెలకు ఇది మరీ ముఖ్యం. ఆడవారి అంకెలను విడిగా తీయమనండి, బడిపంతులమ్మ గారు చెప్పినట్టు రెండింటినీ కలిపితే అసలు విషయం కనబడదు. వేతనాలు షెకెళ్లలో చూసినప్పుడు ఆ ఏటి ధరలను కూడా చూడమనండి. గాజాలో పిండి బస్తా ధర ఒక నెలలోనే ఎన్నో రెట్లు పెరిగిన సందర్భాలున్నాయి, అక్కడ రోజుకూలి అంకెకు విడిగా అర్థం ఉండదు.

గ్రూప్స్_మాస్టారు
అలాగే చెబుతాను. భాగస్వామ్యం అంకెలు వెస్ట్‌బ్యాంక్‌కు, గాజాకు విడివిడిగా ఎప్పటి నుంచి దొరుకుతాయో కూడా చెప్పగలరా?

లెక్కల_పంతులు
1995 నుంచి. పాలస్తీనా గణాంక సంస్థ శ్రామికశక్తి సర్వే అప్పుడే మొదలైంది. అంతకుముందువి ఇజ్రాయెల్ గణాంక సంస్థ తీసినవి, ఆంగ్రిస్ట్ వాడినవి అవే. రెండింటి నిర్వచనాలు కొంచెం వేరు కాబట్టి నేరుగా పక్కపక్కన పెట్టవద్దు.